ఇంట్లో కొట్టిన కేసు కోర్టులో నిలబడాలంటే ఏం చేయాలి

ఇంట్లో దెబ్బలు తిన్నవాళ్ళలో చాలామందిని స్టేషన్ మెట్లు ఎక్కనివ్వని ఆలోచన ఒకటుంది. తలుపులు వేసి కొట్టాడు, చూసినవాళ్ళు లేరు, ఇంక నా మాట ఎవరు నమ్ముతారు అని. చట్టం అలా అనుకోదు. ఒక విషయం రుజువు చేయడానికి ఇంతమంది సాక్షులు ఉండాలన్న లెక్క ఏదీ లేదని భారతీయ సాక్ష్య అధినియమ్ 139వ సెక్షన్ చెబుతుంది, పాత ఎవిడెన్స్ యాక్ట్‌లో ఇదే 134. సుప్రీంకోర్టు అయితే 1957లోనే వడివేలు తేవర్ కేసులో సాక్షుల్ని లెక్కపెట్టకూడదు, తూకం వేయాలి అని చెప్పి వాళ్ళని మూడు రకాలుగా విడదీసింది: పూర్తిగా నమ్మదగ్గవాళ్ళు, అసలు నమ్మలేనివాళ్ళు, ఈ రెండిటికీ మధ్యలో ఉండేవాళ్ళు. మొదటి రకం ఒక్కరున్నా శిక్ష వేయొచ్చు. మధ్య రకం వాళ్ళ మాటకి మాత్రం పక్కనుంచి ఇంకో ఆధారం తోడు కావాలి. ఇంటి కేసుల్లో చాలామంది వచ్చి పడేది ఈ మధ్య రకంలోనే, అదీ అబద్ధం చెప్పడం వల్ల కాదు, జరిగినదానికి కాస్త కలిపి చెప్పడం వల్ల, లేదా ఒక్కో చోట ఒక్కోలా చెప్పడం వల్ల. ఈ కింద రాసిందంతా ఆ మధ్య రకంలో పడకుండా ఎలా ఉండాలన్నదే.

ఒక మాట ముందే చెప్పేస్తాను. సెక్షన్ల నంబర్లు 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టాలవి. అంతకుముందు జరిగిన దాడికి పాత ఐపీసీ సెక్షన్లే (498ఏ, 323, 325 లాంటివి) పెడతారు, కంగారు పడకండి.

ముందు బయటపడండి, తర్వాత ఆస్పత్రి

ప్రమాదంలో ఉంటే 112కి ఫోన్ చేయండి, సాక్ష్యం సంగతి తర్వాత. అయితే ఆ ఫోన్ కాల్ కూడా సాక్ష్యమే అవుతుంది, ఎందుకంటే ఏ టైముకి వచ్చింది, ఏమని చెప్పారు అన్నది అక్కడ నమోదవుతుంది, వచ్చిన కానిస్టేబుల్ మిమ్మల్ని ఏ స్థితిలో చూశాడో రేపు అతనూ చెప్పగలడు.

ఆ తర్వాత ఆస్పత్రికి. వీలైతే ప్రభుత్వాస్పత్రికే వెళ్ళండి, మెడికో లీగల్ కేసుగా (అంటే పోలీసు కేసుకి సంబంధించిన గాయంగా) రాయమని అడగండి. కేసు నడిచేటప్పుడు మీ మాట తర్వాత అంత బరువున్న కాగితం డాక్టర్ ఇచ్చే వూండ్ సర్టిఫికెటే. అందులో రెండు భాగాలు ముఖ్యం. ఒకటి గాయాల వివరం: ఎక్కడ, ఎంత పొడవు, ఏ రకం, మామూలు గాయమా తీవ్ర గాయమా. రెండోది మీరు డాక్టర్‌కి చెప్పిన కారణం, అంటే 'భర్త కర్రతో కొట్టాడని చెబుతున్నారు' అని రాసే ఆ ఒక్క లైను. లాయర్లు ముందు చూసేది ఆ లైనునే. కాబట్టి ఎవరు, దేంతో, ఎప్పుడు కొట్టారో డాక్టర్‌కి సూటిగా చెప్పండి, కనిపించని చోట దెబ్బ ఉన్నా సిగ్గుపడకుండా చూపించండి. డాక్టర్ రాయని గాయాన్ని నెలల తర్వాత కోర్టులో చెబితే అది కొత్తగా పుట్టిన గాయంలా వినిపిస్తుంది.

ఇక్కడే చాలా కేసులు దెబ్బతింటాయి. కొట్టినవాడే ఆస్పత్రికి తీసుకొస్తాడు, పక్కనే నిలబడతాడు, 'బాత్రూంలో జారి పడ్డాను' అని చెప్పాల్సి వస్తుంది. అలా ఇప్పటికే చెప్పేసి ఉంటే దాన్ని దాచడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. ఫిర్యాదులోనే రాయండి: ఆ రోజు పక్కన ఎవరున్నారు, ఎందుకు అలా చెప్పాల్సి వచ్చింది, నిజంగా ఏం జరిగింది. మీ నోటితో ముందే చెబితే అది వివరణ, అవతలి లాయర్ ఆస్పత్రి రికార్డు తీసి చూపించాక చెబితే సాకు.

ఎముక నొప్పిగా ఉంటే ఎక్స్‌రే తీయించుకోండి, ఫిల్మూ రిపోర్టూ రెండూ దాచండి. ఎందుకంటే ఎముక విరిగినా, పన్ను ఊడినా భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ బదులు వచ్చిన చట్టం) 116 ప్రకారం అది తీవ్ర గాయం, 117(2) కింద ఏడేళ్ళ దాకా శిక్ష పడొచ్చు. మామూలు గాయం అయితే 115(2), ఏడాది దాకా జైలు లేదా 10,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ. విరగకపోయినా 15 రోజుల పాటు తీవ్రమైన నొప్పితో ఉన్నా, రోజువారీ పనులు చేసుకోలేకపోయినా తీవ్ర గాయం కిందే వస్తుంది (ఐపీసీలో ఇది 20 రోజులు ఉండేది), అందుకే మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళిన చీటీలు, ఆఫీసుకి పెట్టిన సెలవు కాగితాలు కూడా పారేయకండి.

ఫొటోలు, బట్టలు, ఆ రాత్రి రాసుకునే నాలుగు ముక్కలు

ఫొటో ఒక్కరోజు తీసి ఊరుకోకండి. కమిలిన చోటు మొదట ఎర్రగా, తర్వాత నీలంగా, ఆ పైన పచ్చగా పసుప్పచ్చగా మారుతూ దాదాపు రెండు వారాల్లో పోతుంది, ఆ మార్పంతా ఫొటోల్లో ఉంటే దెబ్బ ఎప్పటిదో సుమారుగా తెలుస్తుంది. మొహం కూడా కనిపించేలా ఒకటి, దగ్గర్నుంచి ఒకటి, పక్కన స్కేలు పెట్టి ఒకటి. ఫిల్టర్లు వద్దు, గుండ్రాలు బాణాలు గీయొద్దు. చినిగిన, రక్తం అంటిన బట్టలు ఉతక్కుండా, ఆరనిచ్చి కాగితం సంచిలో పెట్టండి, ప్లాస్టిక్ కవర్లో తడి పట్టి పాడవుతాయి.

అదే రాత్రి, చెయ్యి ఆడితే, ఏం జరిగిందో వరసగా రాసి తేదీ టైము వేయండి. ఇది డైరీ అలవాటు కోసం చెప్పడం లేదు. ఘటన జరిగినప్పుడే, లేదా జ్ఞాపకం తాజాగా ఉన్నప్పుడే రాసుకున్న కాగితాన్ని, సాక్షి బోనులో ఉన్నప్పుడు చూసి గుర్తు తెచ్చుకోవడానికి సాక్ష్య అధినియమ్ 162 ఒప్పుకుంటుంది. అవతలి లాయర్ కూడా ఆ కాగితం చూస్తాడు, దాని మీద ప్రశ్నలు వేస్తాడు, కాబట్టి అందులో కోపం కాకుండా జరిగింది మాత్రమే రాయండి.

ఇంకొకటి. వెంటనే ఎవరికైనా చెప్పారా? అమ్మకి ఫోన్ చేశారా, అక్కకి వాయిస్ మెసేజ్ పెట్టారా, పక్కింటావిడ తలుపు కొట్టారా? ఘటన జరిగిన వెంటనే దాన్ని గురించి అన్న మాటలు ఆ ఘటనలో భాగంగానే సాక్ష్యానికి పనికొస్తాయి (సాక్ష్య అధినియమ్ సెక్షన్ 4), అంతేకాదు ఆ సమయంలో చెప్పిన మాట మీరు తర్వాత కోర్టులో చెప్పేదానికి బలం ఇవ్వడానికీ వాడొచ్చు (సెక్షన్ 160). రాత్రి పదకొండింటికి ఏడుస్తూ పెట్టిన పదిహేను సెకన్ల వాయిస్ మెసేజ్, ఏడాది తర్వాత పదిమంది బంధువులు వచ్చి చెప్పేదానికంటే ఎక్కువ పనిచేసే సందర్భాలుంటాయి.

ఫిర్యాదు: ఇక్కడ పెంచితే అక్కడ తగ్గుతుంది

ఫిర్యాదు రాసేటప్పుడు చుట్టూ సలహాదారులు చేరతారు. 'అత్తగారి పేరు కూడా పెట్టు, ఆడపడుచు పేరు పెట్టు, ఆ దుబాయ్‌లో ఉన్న మరిదిని కూడా ఇరికించు, అప్పుడే దారికొస్తారు' అని. వాళ్ళ మాట వినకండి. కుటుంబంలో ఉన్న ప్రతి ఒక్కరి మీదా గుంపుగా, ఎవరు ఏం చేశారో చెప్పకుండా ఆరోపణలు చేస్తే ఆ కేసు నడవనివ్వకూడదని సుప్రీంకోర్టు మళ్ళీ మళ్ళీ చెప్పింది, 2024 డిసెంబర్‌లో తెలంగాణ నుంచి వెళ్ళిన ఒక 498ఏ (భర్త, అతని బంధువుల క్రూరత్వం) కేసుని ఈ కారణంతోనే కొట్టేసింది కూడా. పైగా ఊళ్ళోనే లేని మరిది పాస్‌పోర్టు చూపించి బయటపడితే, అదే కాగితం పట్టుకుని భర్త తరఫు లాయర్ 'ఈవిడ లేనివాళ్ళ మీద కూడా కేసు పెడుతుంది' అని నిజంగా కొట్టినవాడికీ అనుమానం సంపాదించి పెడతాడు. క్రిమినల్ కేసులో ముద్దాయికి అనుమానం ఒక్కటి చాలు.

ఇలా రాయండి: ఫలానా తేదీ రాత్రి సుమారు తొమ్మిదిన్నరకి, వంటింట్లో, నా భర్త కుడి చేత్తో జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడు, నుదుటి మీద తెగింది, అత్తగారు హాల్లో ఉన్నారు, ఆపలేదు. అత్తగారు చెయ్యి చేసుకోకపోతే చేసుకోలేదనే రాయండి. పాత ఘటనలు ఉంటే ఒక్కోటి విడిగా, తేదీ గుర్తులేకపోతే 'బాబు పుట్టినరోజుకి ముందు వారం' లాంటి గుర్తుతో. 'రోజూ శారీరకంగా మానసికంగా చిత్రహింసలు పెట్టేవారు' అన్న వాక్యం దాదాపు ప్రతి ఫిర్యాదులోనూ ఉంటుంది, దానివల్ల ఎవరికీ ఏ ఉపయోగమూ ఉండదు.

ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ ఇవ్వొచ్చు. ఆన్‌లైన్లో ఇస్తే మూడు రోజుల్లోపు వెళ్ళి సంతకం పెట్టాలి. స్టేషన్ రైటర్ రాసిన కాగితం పూర్తిగా చదివి, లేదా చదివించుకుని, అప్పుడే సంతకం చేయండి, కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. స్టేషన్‌లో తీసుకోకపోతే నాగరిక సురక్షా సంహిత (దర్యాప్తు, విచారణ పద్ధతి చెప్పే చట్టం) 173(4) ప్రకారం ఎస్పీకి పోస్టులో పంపండి, అక్కడా కదలకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేట్ దగ్గరికి 175(3) కింద వెళ్ళొచ్చు.

'ఇది నాన్ కాగ్నిజబుల్ అమ్మా' అని అంటే అది ప్రతిసారీ తప్పించుకునే మాట కాదు. ఒట్టి 115(2) అయితే మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు, నిజమే. కానీ భర్త లేదా అతని బంధువుల క్రూరత్వం (న్యాయ సంహిత సెక్షన్ 85, మూడేళ్ళ దాకా) ఉన్నా, తీవ్ర గాయం ఉన్నా, ప్రమాదకరమైన ఆయుధంతో కొట్టినా (118) ఆ మాట వర్తించదు. అందుకే వూండ్ సర్టిఫికెట్ ముందు అన్నాను.

భార్యాభర్తల గొడవల్లో ఎఫ్ఐఆర్‌కి ముందు ప్రాథమిక విచారణ చేయొచ్చని 2013లో లలితా కుమారి తీర్పులో సుప్రీంకోర్టు అంది, దాన్ని పట్టుకుని మన దగ్గర కౌన్సెలింగ్‌కి పిలుస్తారు. వెళ్ళండి, తప్పులేదు, సర్దుకుంటే సంతోషమే. కానీ అక్కడ పెట్టే సంతకం కూడా రేపు సాక్ష్యమే. 'ఇకపై కొట్టను అని ఒప్పుకుంటున్నాను' అని అతను సంతకం చేసిన కాగితం మీకు బంగారం, 'మా మధ్య చిన్న మాటామాటా తప్ప ఏ గొడవా జరగలేదు' అని మీరు చేసిన సంతకం అవతలివాళ్ళకి. ఏ కాగితమైనా కాపీ లేకుండా బయటికి రావొద్దు.

ఆలస్యం గురించి. ఆలస్యమైనంత మాత్రాన కేసు పోదు, పరువు కోసమో పిల్లల కోసమో ఆగడం మామూలేనని కోర్టులకి తెలుసు, కారణం మాత్రం ఫిర్యాదులోనే చెప్పండి. గడువు ఒకటి ఉందని మర్చిపోవద్దు: ఏడాది దాకా శిక్ష ఉన్న నేరానికి ఏడాది, మూడేళ్ళ దాకా ఉన్న నేరానికి మూడేళ్ళు.

ఫోన్లో ఉన్నదాన్ని కోర్టు దాకా తీసుకెళ్ళడం

వాట్సాప్ స్క్రీన్‌షాట్ ప్రింటు తీసుకెళ్ళి జడ్జిగారికి ఇచ్చేస్తే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. ఎలక్ట్రానిక్ రికార్డు కాపీ ఇస్తే సాక్ష్య అధినియమ్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, అందులో రెండు భాగాలుంటాయి, ఒకటి ఆ ఫోన్ లేదా కంప్యూటర్ ఎవరి చేతిలో ఉందో వాళ్ళు, రెండోది నిపుణుడు సంతకం చేయాలి, ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపించే కోడ్) కూడా రాయాలి. అసలు ఫోనే కోర్టులో పెట్టి నిరూపిస్తే ఆ సర్టిఫికెట్ అక్కర్లేదని 2020లో అర్జున్ పండిత్‌రావు ఖోత్కర్ తీర్పు చెబుతుంది. అది పాత చట్టంలోని 65బి గురించి చెప్పింది, కొత్త చట్టం వివరాలు మీ లాయర్‌తో చూసుకోండి. అంటే చేయాల్సింది ఇది: ఆ ఫోన్ అమ్మకండి, ఎక్స్ఛేంజ్‌లో ఇవ్వకండి, ఫార్మాట్ చేయకండి, చాట్ మొత్తం ఉంచండి. మీరు తిట్టిన మెసేజ్‌లు తీసేసి అతను తిట్టినవి మాత్రం ఉంచితే అవతలి ఫోన్లో మొత్తం ఉంటుంది, అది బయటికి వచ్చిన రోజున మీరు దాచారన్నదే కేసు అవుతుంది.

సీసీ కెమెరా ఎదురింట్లోనో అపార్ట్‌మెంట్ లిఫ్ట్ దగ్గరో ఉంటే ఆ రోజే అడగండి. చాలా డీవీఆర్‌లలో (కెమెరా రికార్డింగ్ పెట్టెల్లో) పాత ఫుటేజీ మీద కొత్తది రికార్డయిపోతుంది, ఎన్ని రోజులు ఉంటుందన్నది దాని మెమరీని బట్టి. ఇవ్వనంటే కనీసం చెరిపేయొద్దని అసోసియేషన్‌కి కాగితం రాసిచ్చి, సేకరించమని దర్యాప్తు అధికారికి కూడా రాతపూర్వకంగా ఇవ్వండి.

భార్యాభర్తల మధ్య మాటలు రహస్యం, బయటపెట్టకూడదు కదా అని ఎవరైనా భయపెడితే: ఆ రక్షణ చట్టంలో ఉంది (సాక్ష్య అధినియమ్ సెక్షన్ 128), కానీ ఒకరి మీద ఒకరు చేసిన నేరం విచారణకి అది అడ్డు కాదని అదే సెక్షన్ చెబుతుంది. భార్యాభర్తల కేసులో రహస్యంగా రికార్డు చేసిన ఫోన్ సంభాషణని సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జూలైలో సుప్రీంకోర్టు కూడా అంది. తీసుకోవడం వేరు, నమ్మడం వేరు. రెచ్చగొట్టి రికార్డు చేసిన ఆడియో వింటే ఎవరికైనా తెలిసిపోతుంది, ముందూ వెనకా కత్తిరిస్తే ఇంకా తెలుస్తుంది.

సాక్షుల్ని ఎంచుకోవడం

'మా అమ్మా నాన్నా చెబితే మావాళ్ళేగా అంటారు' అని వాళ్ళని వదిలేయకండి. బంధువు అయినంత మాత్రాన స్వార్థ సాక్షి కాడని, దగ్గరివాళ్ళు అసలు నేరస్తుణ్ణి వదిలేసి అమాయకుణ్ణి ఇరికించడానికి ఆఖరుగా ఒప్పుకునేవాళ్ళని సుప్రీంకోర్టు 1953లో దలీప్ సింగ్ కేసులో చెప్పింది. ఇంట్లో జరిగినదానికి ఇంటివాళ్ళు కాక ఎవరు సాక్షులు అవుతారు? అయితే వాళ్ళ మాటని కోర్టు జాగ్రత్తగా చూస్తుంది, కాబట్టి వాళ్ళు ఏం చూశారో అదే చెప్పాలి. మీ నాన్నగారు కొట్టడం చూడలేదు. మర్నాడు ఉదయం వచ్చి మొహం వాచి ఉండటం చూశారు. అదే చెప్పమనండి. 'నా కళ్ళెదుటే కొట్టాడు' అని ఆయన ఆవేశంలో అంటే, ఆ సమయానికి ఆయన ఫోన్ టవర్ లొకేషన్ ఎక్కడుందో తీసి పెడతారు, ఆ పెద్దాయన నిజంగా చూసిన వాపు కూడా అబద్ధంలో కలిసిపోతుంది. మన కోర్టులు ఒక్క అబద్ధం దొరికిందని మొత్తం సాక్ష్యాన్ని పారేయవు, గింజా పొల్లూ వేరు చేస్తాయి. కానీ వేరు చేయలేనంతగా కలిసిపోతే మొత్తం పోతుంది.

పక్కింటివాళ్ళు అరుపులు విన్నారు, పనిమనిషి మర్నాడు పగిలిన గాజులు ఊడ్చింది, ఆటో డ్రైవర్ రక్తంతో ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. వీళ్ళెవరూ కొట్టడం చూడలేదు, అయినా వీళ్ళు ఒక్కొక్కరూ చెప్పే చిన్న ముక్కే మీ మాటకి నిజమైన తోడు, ఎందుకంటే వీళ్ళకి మీ కేసులో పోయేదీ లేదు వచ్చేదీ లేదు. వాళ్ళ పేర్లు, వాళ్ళు ఏం చూశారో ఏం విన్నారో రాసి ఎస్సైకి ఇవ్వండి. దెబ్బలు తిన్న మీరు కూడా మామూలు సాక్షి కాదు. గాయపడిన సాక్షి అక్కడ ఉన్నాడనడానికి గాయమే రుజువు కాబట్టి ఆ సాక్ష్యానికి ప్రత్యేక స్థానం ఉందని, గట్టి కారణం లేకుండా తోసిపుచ్చకూడదని కోర్టులు అంటాయి.

పిల్లల సంగతి కష్టమైనది. సాక్ష్యం చెప్పడానికి కనీస వయసు అంటూ లేదు, ప్రశ్న అర్థం చేసుకుని జవాబు చెప్పగలిగితే చాలు, 12 ఏళ్ళలోపు పిల్లలకి ప్రమాణం అర్థం కాదనిపిస్తే ప్రమాణం లేకుండానే వింటారు. కానీ జడ్జి మొదట చూసేది ఎవరైనా నేర్పించి పంపారా అని. బిడ్డ చేత బట్టీ పట్టిస్తే పెద్దవాళ్ళు వాడే మాటలు దొర్లుతాయి, ఆరేళ్ళ పిల్ల నోట 'అదనపు కట్నం కోసం' అని వచ్చిందంటే ఇంక అయిపోయినట్టే. నా మట్టుకు, వేరే ఆధారం ఉంటే బిడ్డని బోనెక్కించకుండా ఉండటమే మంచిది, తప్పనిసరి అయితే నేర్పించకుండా పంపండి.

పోలీసులు తీసుకునే వాంగ్మూలం

నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 180 కింద పోలీసులు రాసుకునే వాంగ్మూలం మీద సాక్షి సంతకం ఉండదు, దాన్ని మీ తరఫున రుజువుగా వాడలేరు. అయినా అది చాలా ముఖ్యం, ఎందుకంటే కోర్టులో మీరు చెప్పేది దానికి తేడాగా ఉంటే దాన్ని మీ మీదే వాడతారు. అందులో లేని పెద్ద విషయం కోర్టులో కొత్తగా చెబితే, ఆ వదిలేయడమే వైరుధ్యం కింద లెక్క. అందుకని ముఖ్యమైన నాలుగు విషయాలు (ఎవరు, ఎక్కడ, దేంతో, ఏ గాయం) రాశారో లేదో అడిగి చదివించుకోండి. ఆడవాళ్ళని, 15 ఏళ్ళలోపు పిల్లల్ని, 60 దాటినవాళ్ళని వాంగ్మూలం కోసం వాళ్ళుండే చోటికి కాక వేరే చోటికి రమ్మనకూడదని 179 చెబుతుంది. ఎవరైనా సాక్షి రేపు భయపడి వెనక్కి తగ్గుతారనిపిస్తే 183 కింద మేజిస్ట్రేట్ దగ్గర వాంగ్మూలం ఇప్పించమని దర్యాప్తు అధికారిని అడగండి.

దీనికి పక్కనే ఒక ఉచ్చు ఉంది. గృహహింస పిటిషన్ ఒక లాయర్ రాస్తారు, మనోవర్తి పిటిషన్ ఇంకొకరు, విడాకుల కాగితాలు మూడోవారు, పోలీసు ఫిర్యాదు మీ బావగారు రాయించారు. ఒకదాంట్లో చెంప మీద కొట్టాడు, ఇంకోదాంట్లో బెల్టుతో కొట్టాడు, మూడోదాంట్లో గొంతు పిసికాడు, తేదీ ఒకటే. అవతలి లాయర్ నాలుగూ పక్కపక్కన పెట్టుకుని కూర్చుంటాడు, క్రాస్‌లో (ఆయన మిమ్మల్ని ప్రశ్నలు వేసేటప్పుడు) ఆయనకి వేరే ఆయుధం అక్కర్లేదు. ఏ కోర్టులో ఏ కాగితం వేసినా మొదటి ఫిర్యాదు కాపీ ఆ లాయర్ చేతిలో పెట్టి, దీనికి తేడా రాకుండా రాయండి అని చెప్పండి, సంతకానికి ముందు మీరే పోల్చి చూసుకోండి.

గృహహింస చట్టం (2005) కింద వేసే కేసులో కొలత కూడా వేరు. క్రిమినల్ కేసులో సహేతుకమైన అనుమానం మిగలకుండా నిరూపించాలి, రక్షణ ఉత్తర్వో నివాస హక్కో అడిగినప్పుడు ఏది జరిగి ఉండటానికి ఎక్కువ అవకాశం ఉందో చూస్తారు. ఆ రక్షణ ఉత్తర్వుని అతను ఉల్లంఘిస్తే బాధితురాలి ఒక్కదాని సాక్ష్యం మీదే నేరం జరిగిందని నిర్ణయించొచ్చని 32(2) స్పష్టంగా చెబుతుంది. ఈ చట్టం ఆడవాళ్ళకే. కొడుకు చేతిలో దెబ్బలు తిన్న తండ్రి న్యాయ సంహిత సెక్షన్ల కింద వెళ్ళాలి, సాక్ష్యం నియమాలు మాత్రం ఆయనకీ ఇవే.

బోనులో

సమన్లు వచ్చేసరికి ఏళ్ళు గడిచిపోయి ఉంటాయి. వాయిదాకి ముందు ఏపీపీ గారిని (కేసు నడిపే ప్రభుత్వ లాయర్‌ని) కలిసి మీ ఫిర్యాదు, వాంగ్మూలం ఒకసారి చదువుకోండి. మొదట ఏపీపీ అడుగుతారు, దాన్ని చీఫ్ అంటారు, అక్కడ జరిగింది వరసగా చెప్పండి. తర్వాత క్రాస్. అక్కడ గుర్తుంచుకోవాల్సింది అడిగినదానికే జవాబు, అంతకుమించి ఒక్క ముక్క వద్దు. అర్థం కాకపోతే మళ్ళీ అడగమనండి. గుర్తులేకపోతే గుర్తులేదనండి, 'అవునేమో' అనకండి, ఆ అవునేమో రికార్డులో 'అవును' అయి కూర్చుంటుంది. ఆఖర్లో లాయర్ 'మీ నాన్న చెప్పమన్నట్టు చెబుతున్నారు', 'మీరే జారి పడ్డారు' అంటూ వరసగా వేస్తాడు. అవి తిట్లు కావు, ఆయన కేసు ఆయన మీ ముందు పెట్టాలి, ఆ తంతు అంతే. కోప్పడక్కర్లేదు, 'నిజం కాదు' అంటే చాలు, రికార్డులో 'నేను జారి పడ్డాననడం నిజం కాదు' అని రాసుకుంటారు.

నిజమైనదీ మీకు నచ్చనిదీ అడిగితే ఒప్పుకోండి. మీరూ తిట్టారా, తిట్టాను. పుట్టింటికి వెళ్ళి మూడు నెలలు రాలేదా, రాలేదు. ఇలాంటివి ఒప్పుకున్న సాక్షి మిగతాది చెప్పినప్పుడు జడ్జి పెన్ను ఆగకుండా కదులుతుంది.

చిన్న తేడాలకి టెన్షన్ పడకండి. సాక్షికి ఫొటో తీసినట్టు గుర్తుండాలని అనుకోకూడదని సుప్రీంకోర్టు 1983లో చెప్పింది. తొమ్మిదిన్నరా పదా, చీర రంగు ఏది, ముందు చెంప మీదా వీపు మీదా, ఇలాంటి తేడాలు కేసుని కూల్చవు, నలుగురు సాక్షులూ అక్షరం పొల్లుపోకుండా ఒకేలా చెబితేనే అనుమానం వస్తుంది. కూల్చేవి వేరు: కర్రతో అని రాసి కోర్టులో కత్తి అనడం, ఫిర్యాదులో లేని మనిషిని కొత్తగా తేవడం, డాక్టర్ ఒక్క గాయం రాస్తే అరగంట సేపు ఇద్దరు కలిసి రాడ్లతో కొట్టారనడం. నోటి మాటా వూండ్ సర్టిఫికెటూ ఒకదానికొకటి అస్సలు పొసగకపోతే ఎంత మంచి సాక్షి అయినా ఇబ్బందే.

సాక్షి అడ్డం తిరిగితే

ఇంటి కేసుల్లో ఇది మామూలు. పక్కింటాయన 'నాకేం తెలియదు' అంటాడు, పెద్దమనుషులు రాజీ కుదిర్చారని మీ తరఫు వాళ్ళే మెత్తబడతారు. ఏపీపీ అప్పుడు ఆయన్ని హాస్టైల్‌గా (అడ్డం తిరిగిన సాక్షిగా) ప్రకటించమని అడిగి తనే క్రాస్ చేస్తారు. అలా ప్రకటించినంత మాత్రాన ఆయన చెప్పిందంతా చెరిగిపోదు, నమ్మదగ్గ భాగాన్ని కోర్టు తీసుకోవచ్చని సత్‌పాల్ కేసులో తేలింది. 'కొట్టడం చూడలేదు కానీ ఆ రాత్రి ఏడుపులు విన్నాను' అన్నా మీకు ఒక ముక్క దొరికినట్టే. బెదిరించి అబద్ధం చెప్పించడం న్యాయ సంహిత 232 కింద విడిగా నేరం, ఆ బెదిరింపు మెసేజ్‌లు కూడా దాచి ఫిర్యాదు ఇవ్వండి. 2018 సాక్షుల రక్షణ పథకం కింద దరఖాస్తు చేసుకునే దారి కూడా ఉంది.

నిజంగానే రాజీ పడాలనుకుంటే బోనెక్కి 'ఏమీ జరగలేదు' అని ప్రమాణం చేసి చెప్పకండి, ప్రమాణం మీద అబద్ధం చెప్పడం నేరం. 115(2) కేసుని దెబ్బ తిన్న మనిషి రాజీ చేసుకోవచ్చు, సెక్షన్ 85కి మాత్రం హైకోర్టుకి వెళ్ళి కేసు కొట్టివేయమని అడగడమే దారి.

ఇది చదువుతున్నది అవతలి వైపువాళ్ళయితే

మీ మీద తప్పుడు కేసు అనుకుంటే పైన రాసిందే తిరగేసి చదవండి. ఆ సమయానికి మీరెక్కడున్నారో చూపించే టికెట్టు, ఆఫీసు పంచింగ్, సీసీ ఫుటేజీ మొదటి వారంలోనే సంపాదించుకోండి. ఏడేళ్ళలోపు శిక్ష ఉన్న నేరాలకి యాంత్రికంగా అరెస్టు చేయకూడదని 2014లో అర్నేష్ కుమార్ తీర్పు ఉంది, నోటీసు వస్తే తప్పకుండా హాజరవ్వండి. సాక్షులకి ఫోన్ చేసి బతిమాలడం, ఆమె పుట్టింటికి వెళ్ళి గొడవ చేయడం మాత్రం వద్దు, నిర్దోషి అయినా బెయిల్ పోతుంది.

ఖర్చు, కాగితాలు, తీర్పు తర్వాత

ఆడవాళ్ళకీ పిల్లలకీ ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు, 15100కి ఫోన్ చేస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి దారి చూపిస్తారు, మహిళా హెల్ప్‌లైన్ 181. కేసు నడిపేది ఏపీపీయే అయినా ఆయనకి సాయంగా మీ లాయర్‌ని పెట్టుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు పోలీసులే మీకు చెప్పాలి, చెప్పకపోతే రాతపూర్వకంగా అడగండి. కేసు కొట్టేసినా, చిన్న సెక్షన్ కింద మాత్రమే శిక్ష వేసినా బాధితులకి సొంతంగా అప్పీలు వేసే హక్కు నాగరిక సురక్షా సంహిత 413లో ఉంది, కాబట్టి తీర్పు వచ్చిన రోజే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి, ఆ పాత ఫోన్ అప్పటిదాకా బీరువాలోనే ఉండనివ్వండి.